బ్రాంకైటిస్‌కు మూలికా నూనెలు: ఏ దారిన సాయం, ఏ దారిన ముప్పు

క్లుప్తంగా

యూకలిప్టస్, పిప్పరమెంటు వంటి సుగంధ తైలాలు బ్రాంకైటిస్‌ను, అంటే శ్వాసనాళాల వాపును, నయం చేయవు. మూసుకున్న ముక్కు తెరుచుకున్నట్టు అనిపించడానికి, రాత్రి కాస్త కునుకు పట్టడానికి సాయపడగలవు. వైద్య పరీక్షల్లో మంచి ఫలితం చూపినవి కొలత ప్రకారం తయారైన క్యాప్స్యూళ్లు. ఆ ఫలితాన్ని సీసాలోని నూనెకు అంటగట్టడం ప్రమాదకరం. సీసాలోని నూనెను మింగకూడదు, ముక్కులో వేయకూడదు, మందును సన్నటి తుంపరగా మార్చి పీల్పించే నెబ్యులైజర్‌లో పోయకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు అసలే వాడకూడదు.

దగ్గు అన్ని రోజులు ఎందుకుంటుంది

అక్యూట్ బ్రాంకైటిస్ అంటే ఊపిరితిత్తుల్లోకి గాలిని తీసుకెళ్లే గొట్టాల లోపొర వాచడం. పదింట తొమ్మిది సార్లకు పైగా కారణం వైరస్సే: జలుబు తెచ్చే రైనోవైరస్, ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ, కరోనా కుటుంబంలోనివి. వైరస్ ఆ పొరలోని కణాలను దెబ్బతీస్తుంది. కఫాన్ని పైకి నెట్టే సన్నటి వెంట్రుకల్లాంటి సీలియా రాలిపోతాయి. కఫం తయారీ మాత్రం పెరుగుతుంది. ఊడ్చే పని ఆగిపోయి చెత్త పెరిగినప్పుడు దాన్ని బయటికి పంపడానికి శరీరానికి మిగిలిన మార్గం దగ్గు ఒక్కటే.

వైరస్ వారంలోపే తగ్గుముఖం పట్టినా, ఆ పొర మళ్లీ తయారవడానికి వారాలు పడుతుంది. పరిశోధనలన్నింటినీ కలిపి చూస్తే ఈ దగ్గు సగటున 18 రోజులు ఉంటుంది. రోగులు మాత్రం వారంలో తగ్గిపోవాలని ఎదురుచూస్తారు. అందుకే పదో రోజున కొత్తగా ఒక నూనె మొదలుపెట్టి, పదహారో రోజుకు దగ్గు తగ్గితే ఆ ఘనత నూనెకు దక్కుతుంది. యాంటీబయాటిక్స్‌కు బ్రాంకైటిస్‌లో వచ్చిన పేరు కూడా చాలావరకు ఇలాంటిదే.

కఫం పచ్చగా మారితే బ్యాక్టీరియా సోకినట్టే అన్న నమ్మకానికీ ఆధారం లేదు. ఆ రంగు తెల్లరక్త కణాల్లోని ఒక ఎంజైమ్‌ది. వైరస్ వల్ల వాపు వచ్చినా ఆ కణాలు అక్కడికి చేరతాయి.

క్రానిక్ బ్రాంకైటిస్ సంగతి వేరు. వరుసగా రెండేళ్లు, ఏటా కనీసం మూడు నెలలు కఫంతో దగ్గు ఉంటే దాన్ని ఆ పేరుతో పిలుస్తారు. ఎక్కువమందిలో దానికి మూలం పొగ. అక్కడ నూనెలు, ఆవిరి పక్కన పెట్టి ముందు పొగ మానడం, ఇన్‌హేలర్ సరిగ్గా వాడడం చూసుకోవాలి.

రుజువు దేనికుంది, దేనికి లేదు

యూకలిప్టస్ నూనెలో ప్రధాన పదార్థం 1,8-సినియోల్. ఔషధ ప్రమాణాలకు తగ్గ నూనెలో ఇది కనీసం 70 శాతం ఉండాలి. ప్రయోగశాలలో సినియోల్ వాపును పెంచే రసాయన సంకేతాలను తగ్గిస్తుంది, కఫాన్ని పలచబరుస్తుంది. మనుషులపై పరీక్షలూ జరిగాయి. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో అక్యూట్ బ్రాంకైటిస్ ఉన్న 242 మందిలో కొందరికి రోజుకు మూడుసార్లు 200 మిల్లీగ్రాముల సినియోల్ క్యాప్స్యూల్, మిగిలినవారికి మందులేని క్యాప్స్యూల్ ఇచ్చారు. నాలుగో రోజుకే మందు తీసుకున్నవారి లక్షణాలు ఎక్కువగా తగ్గాయి. అంతకుముందు 2000లో 676 మందిపై జరిగిన మరో పరీక్షలో, యూకలిప్టస్‌తో పాటు నారింజ, మర్టిల్, నిమ్మ తైలాలను శుద్ధి చేసి కలిపిన క్యాప్స్యూల్ మందులేని క్యాప్స్యూల్ కన్నా మెరుగ్గా పనిచేసింది.

గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. ఆ క్యాప్స్యూళ్లు పొట్టలో కరగకుండా పేగులో కరిగేలా పూత పూసినవి. మందు పేగు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి ఊపిరితిత్తుల్లోకి చేరి, కొంత ఊపిరితో బయటికి పోతుంది. అంటే శ్వాసనాళానికి అది లోపలి నుంచి అందుతుంది. మోతాదు మిల్లీగ్రాముల్లో తెలుసు, శుద్ధత తెలుసు. ఇంట్లో సీసా నుంచి చెంచాలో పోసి మింగే నూనెకు ఈ మూడింటిలో ఒక్కటీ వర్తించదు. ఆవిరిలో పీల్చినప్పుడు శ్వాసనాళాల వరకు ఎంత చేరుతుందో కొలిచే వీలే లేదు.

ఆవిరినే విడిగా పరీక్షించినప్పుడు ఫలితం నిరాశపరిచింది. శ్వాసకోశ ఇన్ఫెక్షన్లతో వచ్చిన రోగులపై జరిపి, 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన పరీక్షలో ఆవిరి పట్టినవారికి చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. కొందరికి స్వల్పంగా చర్మం కాలింది. దీనికి కారణం ఊహించవచ్చు. ఆవిరిలోని బిందువులు పెద్దవి. అవి ముక్కులో, గొంతులోనే చల్లబడి నీరవుతాయి, కిందికి దిగేది తక్కువ. అందుకే ఆవిరి పట్టాక ముక్కుకు, గొంతుకు హాయిగా ఉన్నా ఛాతీలోని దగ్గు అలాగే ఉంటుంది.

ఊపిరి బాగా ఆడినట్టు అనిపించడం

పిప్పరమెంటు నూనెలోని మెంథాల్ ముక్కులోని చల్లదనాన్ని గుర్తించే నాడీ గ్రాహకాలను తట్టి లేపుతుంది. చల్లగాలి ధారాళంగా లోపలికి వెళ్తోందని మెదడుకు సంకేతం అందుతుంది. యంత్రంతో కొలిస్తే మాత్రం ముక్కులో గాలి ప్రవాహం అంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే. ఇది పనికిమాలిన ప్రభావమేమీ కాదు. రాత్రంతా ఊపిరాడనట్టు ఇబ్బంది పడే మనిషికి ఆ అనుభూతి నిద్రనిస్తుంది. రెండు నుంచి పదకొండేళ్ల పిల్లలు 138 మందిపై జరిపి 2010లో ప్రచురించిన పరీక్షలో కర్పూరం, మెంథాల్, యూకలిప్టస్ కలిసిన లేపనం రాసిన రాత్రి పిల్లలు, తల్లిదండ్రులు మెరుగ్గా నిద్రపోయారు. అదే పరీక్షలో లేపనం రాసినవారిలోనే చర్మం, కళ్లు మండడం ఎక్కువగా కనిపించింది.

ఈ ఊరటతో ఒక చిక్కుంది. శ్వాసనాళాలు బిగుసుకుని ఆక్సిజన్ నిజంగానే తగ్గుతున్న మనిషికి కూడా మెంథాల్ అదే హాయినిస్తుంది. అందుకని నూనె రాశాక ‘బాగానే ఉంది’ అన్న మాటను నమ్మి ఊరుకోకూడదు. ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు తీసుకుంటున్నారో లెక్కపెట్టాలి.

ఆవిరి పట్టాలనుకుంటే

ఆవిరిలో నూనె కన్నా వేడినీళ్లే ఎక్కువ మందిని ఆసుపత్రికి పంపుతాయి. 60 డిగ్రీల నీరు పెద్దవారి చర్మాన్ని ఐదారు సెకన్లలో లోతుగా కాల్చగలదు. 70 డిగ్రీల నీటికి ఒక్క సెకను చాలు. పిల్లల చర్మం పలచన కనుక అంత సమయం కూడా పట్టదు. పొయ్యి మీంచి దించి పది నిమిషాలైన గిన్నెలో నీళ్లు ఇంకా కాల్చే వేడి మీదే ఉంటాయి.

బరువైన, అడుగు వెడల్పుగా ఉన్న గిన్నెను గోడవారగా ఉన్న గట్టి బల్ల మీద పెట్టాలి. ఒళ్లో, మంచం మీద, స్టూలు మీద వద్దు. కాగిన నీళ్లు అర లీటరు నుంచి లీటరు పోసి ఐదు నిమిషాలు ఆగాలి. కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయాలి. అప్పుడు రెండు, మహా అయితే మూడు చుక్కల యూకలిప్టస్ నూనె వేయాలి. నూనె నీటిలో కలవదు, పైన పలచటి పొరలా తేలుతుంది. ఆ పొర వేడికి ఒక్కసారిగా లేస్తుంది కనుక మొదటి నిమిషంలోనే ఘాటు అత్యధికం. చుక్కలు వేసిన వెంటనే ముఖం వంచితే కళ్లు భగ్గుమంటాయి, గొంతు పట్టేసి దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. అర నిమిషం ఆగి, కళ్లు మూసుకుని, ముఖాన్ని గిన్నెకు ఒక అడుగు ఎత్తులో ఉంచి మామూలుగా ఊపిరి తీయాలి. ఐదు నుంచి పది నిమిషాలు చాలు, రోజుకు రెండుసార్లు. దుప్పటి బిగించి కప్పుకోవద్దు. లోపల ఏమీ కనిపించక చేయి తగిలి గిన్నె ఒలికే ప్రమాదం ఉంది.

రెండు మూడు నిమిషాలకే వాసన తగ్గినట్టు అనిపిస్తుంది. కొంత నూనె ఎగిరిపోవడం ఒక కారణం. ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోవడం అంతకన్నా పెద్ద కారణం. ఇది తెలియక చాలామంది మళ్లీ చుక్కలు వేస్తారు, ఇంకోసారి వేస్తారు. కళ్ల మంట, తలనొప్పి, వికారం వచ్చేది ఆ మూడో విడతకే. వాసన అందకపోయినా మోతాదు పెంచకూడదు. పీల్చేటప్పుడు దగ్గు ఎక్కువైనా, పిల్లికూతలు వినిపించినా వెంటనే ఆపి గాలి ఆడేచోటికి వెళ్లాలి.

కాగుతున్న గిన్నెలోకి, మంట పక్కన నూనె ఒంపకూడదు. యూకలిప్టస్ నూనె ఆవిరి 50 డిగ్రీల దగ్గరే నిప్పంటుకునే స్థితికి చేరుతుంది. పిల్లలకు గిన్నెతో ఆవిరి అసలు పట్టించకూడదు. వేడి షవర్ తిప్పి ఆవిరి నిండిన స్నానాలగదిలో, నీటి ధారకు దూరంగా పెద్దవారు ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చాలు, నూనె లేకుండా.

ఛాతీకి రాసేటప్పుడు కొలత

సుగంధ తైలాన్ని నేరుగా చర్మంపై రాయకూడదు. కొబ్బరి, నువ్వులు, పొద్దుతిరుగుడు వంటి ఆవిరి కాని నూనెలో కలిపి రాయాలి. ఒక మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు అన్న లెక్కన, 30 మిల్లీలీటర్ల మామూలు నూనెకు ఆరు చుక్కలు కలిపితే ఒక శాతం, పన్నెండు కలిపితే రెండు శాతం. ఒక్కసారి ఛాతీకి, వీపు పైభాగానికి రాయడానికి 5 మిల్లీలీటర్ల చెంచాడు సరిపోతుంది. అందులో రెండు చుక్కలు వేస్తే రెండు శాతం. పెద్దవారికి అంతకు మించి అక్కర్లేదు. వృద్ధులకు, చర్మం సున్నితంగా ఉన్నవారికి ఒక చుక్క. డ్రాపర్ మూతిని బట్టి చుక్క పరిమాణం మారుతుంది, కాబట్టి లెక్క తక్కువ వైపు ఉండేలా చూసుకోవడం మేలు.

మొదటిసారైతే కలిపిన నూనెను మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత మేర రాసి ఒక రోజు చూడాలి. ఎర్రబారినా, దురద పెట్టినా ఆ నూనె మానేయాలి. రాశాక పైన ప్లాస్టిక్ కవరు చుట్టడం, వేడినీళ్ల బ్యాగు పెట్టడం తప్పు. మూసి ఉంచిన చర్మం, వేడెక్కిన చర్మం మందును ఎక్కువగా పీల్చుకుంటాయి, బొబ్బలు లేస్తాయి. చేతులు సబ్బుతో కడగకుండా కళ్లు తుడుచుకోవడమూ తరచూ జరిగే పొరపాటే.

అన్ని నూనెలూ ఒక్కటి కావు. వాము, థైమ్ నూనెల్లోని థైమాల్, లవంగ నూనెలోని యూజినాల్, దాల్చినచెక్క నూనెలోని సిన్నమాల్డిహైడ్ చర్మాన్ని మండిస్తాయి. దాల్చినచెక్క నూనె వల్ల ఒకసారి అలర్జీ మొదలైతే అది జీవితాంతం ఉండిపోవచ్చు. ఛాతీ పూతకు వీటిని ఇంట్లో కలుపుకోకపోవడమే మంచిది. యూకలిప్టస్‌లోనూ రకాలున్నాయి. నిమ్మవాసన వచ్చే రకంలో ప్రధానమైనది సిట్రోనెల్లాల్, అందులో సినియోల్ చాలా తక్కువ. దాన్ని దోమలను తరిమే తయారీల్లో వాడతారు.

డిఫ్యూజర్ వాడేవారు వంద మిల్లీలీటర్ల నీటికి మూడు చుక్కలకు మించకుండా, కిటికీ తెరిచి, అరగంటలోపు ఆపేయాలి. తలుపులు మూసి రాత్రంతా వదిలేస్తే వాచి ఉన్న శ్వాసనాళానికి అది ఇంకో చికాకే. గదిలో ఓజోన్ ఉంటే ఈ నూనెలకు వాసననిచ్చే టెర్పీన్లు అనే పదార్థాలు దానితో కలిసి ఫార్మాల్డిహైడ్‌ను, సన్నటి ధూళి కణాలను పుట్టిస్తాయి. ఇంట్లో పిల్లి ఉంటే ఆ గదిలోకి రానివ్వకూడదు. ఈ పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి తక్కువ.

మూడు దారులు పూర్తిగా మూసేయాలి

మొదటిది నోరు. పసిపిల్లలు రెండు మూడు మిల్లీలీటర్ల యూకలిప్టస్ నూనె మింగినా మత్తుగా పడిపోగలరు. ఐదు మిల్లీలీటర్లు దాటితే స్పృహ తప్పి, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. కర్పూరం ఇంకా ప్రమాదకరం. ఒక గ్రాము కర్పూరం చిన్నపిల్లల ప్రాణం తీయగలదు, చాలాసార్లు ఏ హెచ్చరికా లేకుండా నిమిషాల్లోనే మూర్ఛ వస్తుంది. 20 శాతం కర్పూరం ఉన్న తైలాన్ని ఆముదం అనుకుని పిల్లలకు పట్టించిన ఘటనలు జరిగాక అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1982లో దాన్ని నిషేధించింది, పైపూత మందుల్లో కర్పూరానికి 11 శాతం హద్దు పెట్టింది. నొప్పుల పూతల్లో ఉండే వింటర్‌గ్రీన్ నూనె దాదాపు మొత్తం మిథైల్ సాలిసిలేటే. ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలతో సమానం. ఛాతీకి రాసే మిశ్రమంలో దానికి చోటే ఉండకూడదు.

రెండోది ముక్కు. ఇక్కడ సుగంధ తైలమే కాదు, మామూలు కొబ్బరినూనె, పారఫిన్ నూనె కూడా ప్రమాదమే. నూనె చుక్క గొంతులోకి జారేటప్పుడు దగ్గు రాదు, ఎందుకంటే అది మృదువుగా పోతుంది. పడుకున్నప్పుడు అలాగే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. సీలియా దాన్ని పైకి నెట్టలేవు. అక్కడి రక్షక కణాలు ఆ కొవ్వును మింగి ఉబ్బిపోయి అలాగే నిలిచిపోతాయి. నెలల తరబడి ఇలా చేరితే వచ్చేదే లిపాయిడ్ న్యుమోనియా. ఎక్స్‌రేలో అది మామూలు న్యుమోనియాలా, ఒక్కోసారి గడ్డలా కనిపిస్తుంది. ముక్కులో నూనె వేసే అలవాటు గురించి రోగి చెప్పకపోతే వైద్యుడికి ఆ ఆలోచనే రాదు.

మూడోది నెబ్యులైజర్. ఆవిరి బిందువులు పెద్దవి కనుక గొంతు దాటేవి తక్కువ. నెబ్యులైజర్ బిందువులు మాత్రం చివరి గాలి తిత్తుల దాకా వెళ్లేలా తయారయ్యాయి. అందులో నూనె పోస్తే నూనె కూడా అక్కడికే వెళ్తుంది. ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ గొట్టానికీ, నిద్రలో ఊపిరాడించే సీప్యాప్ యంత్రపు నీటి తొట్టికీ ఇదే వర్తిస్తుంది.

వీరికి వద్దు

రెండేళ్లలోపు పిల్లల ముక్కు దగ్గరికి మెంథాల్, కర్పూరం, సినియోల్ చేరితే స్వరపేటిక ఒక్కసారిగా బిగుసుకుని ఊపిరి ఆగవచ్చు. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ యూకలిప్టస్ నూనెకు 30 నెలల వయసును కింది హద్దుగా పెట్టింది. జ్వరంతో ఫిట్స్ వచ్చిన పిల్లలకు, మూర్ఛ వ్యాధి ఉన్నవారికి కూడా ఇవి తగవు, కర్పూరం, రోజ్‌మేరీ, సేజ్ మరీ ముఖ్యంగా. ఉబ్బసం ఉన్నవారిలో ఘాటు వాసనే నాళాలను బిగిస్తుంది. గర్భిణులు, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవారు వైద్యుడిని అడగకుండా వాడవద్దు. రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ వేసుకునేవారు వింటర్‌గ్రీన్ పూత రాసుకున్నా రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకున్నవారి ముఖానికి, ఛాతీకి నూనె పూతలు తగలకూడదు, నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

సీసా పాతబడితే

గాలి తగిలిన టెర్పీన్లు పెరాక్సైడ్లుగా మారతాయి. చర్మానికి అలర్జీ తెచ్చేవి ఎక్కువగా ఇవే. నిమ్మజాతి, పైన్, టీట్రీ నూనెలను మూత తీసిన ఏడాదిలోపు వాడేయాలి. ముదురు రంగు గాజుసీసాలో, మూత బిగించి, చల్లటి చీకటి చోట ఉంచి, తెరిచిన తేదీని సీసాపై రాసుకోవాలి. లేబుల్‌పై మొక్క లాటిన్ పేరు లేని సీసా కొనకపోవడమే మంచిది. సీసాను దగ్గు సిరప్ పక్కన పెట్టవద్దు. రాత్రి చీకట్లో ఒకటి అనుకుని ఇంకొకటి చెంచాలో పోసే పొరపాటు పెద్దవారికీ జరుగుతుంది.

పొరపాటున మింగితే, కంట్లో పడితే

మింగినవారిని వాంతి చేయించకూడదు. ఈ నూనెలు నీళ్లకన్నా పలచగా పాకుతాయి. పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారి, మింగినదాని కన్నా ఎక్కువ హాని చేస్తాయి. నోరు తుడిచి, సీసాను వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ఎంత మింగారో కన్నా, ఏ నూనె అన్నది వైద్యుడు ముందు అడుగుతాడు. మనిషి చలాకీగానే ఉన్నాడని ఇంట్లో వేచి చూడకూడదు. కంట్లో పడితే పదిహేను నిమిషాలు నీటి ధార కింద కడగాలి.

నూనెలు పక్కన పెట్టి వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిన గుర్తులు ఇవి: కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఛాతీలో పోటు, కఫంలో రక్తం, మూడు రోజులు దాటిన జ్వరం, తికమకగా మాట్లాడడం, పెదవులు నీలిబారడం. పెద్దవారిలో ఊపిరి నిమిషానికి 24 సార్లు, నాడి 100 దాటితే, లేదా జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే న్యుమోనియా లేదని పరీక్షించి తేల్చుకోవాలి. పిల్లల్లో వేగంగా ఊపిరి తీయడమే ముఖ్యమైన గుర్తు. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, నిద్రలో అయితే మరీ మంచిది, చొక్కా పైకెత్తి పొట్ట కదలికను చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు శిశువుకు 60, రెండు నుంచి పదకొండు నెలల వరకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40, అంతకు తగ్గకుండా లెక్క వస్తే అదే రోజు చూపించాలి. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుంటుంటే లెక్కతో పనిలేదు, వెంటనే బయలుదేరాలి. జ్వరం, ఆయాసం లేకపోయినా దగ్గు మూడు వారాలు దాటితే ఛాతీ ఎక్స్‌రే, తెమడ పరీక్ష అవసరమవుతాయి. క్షయ ఎక్కువగా ఉన్నచోట రెండు వారాలకే తెమడ పరీక్ష చేయించుకోవాలి.